దిబ్బ మీద ఎర్ర తువ్వాలు

విశాఖపట్నంలో మా వీధి చివరి రైతుబజారుకి ఏటా ఏప్రిల్‌లో ఒకటి రెండు వారాలపాటు ఒక ముసలమ్మ గంపతో జీడిపళ్లు తెచ్చుకుని కూచుంటుంది. కొనేవాళ్లు తక్కువ, ఇదేం పండని అడిగేవాళ్లు ఎక్కువ. గింజకున్న మర్యాద పండుకి ఎప్పుడూ లేదు. తీపీ వగరూ కలిసి, కాస్త పులిసినట్టుండే ఆ వాసన తగిలిందంటే చాలు, వంకాయల బేరం మధ్యలోనే నేను మా ఊరు అక్కుపల్లి వెళ్లిపోతాను. నా సంచీ మాత్రం బజారులోనే ఉంటుంది. ఆ వాసనతో రెండు గుర్తొస్తాయి. ఒకటి మా తాత ఎర్ర తువ్వాలు. రెండోది, నా పుణ్యమా అని దారి తప్పిన ఒక చిన్న విమానం.

మా ఉద్దానం పల్లెల్లో వేసవి అంటే మాకు క్యాలెండరులో కాదు, గౌను మీద కనబడేది. తోటల్లో రాలిన జీడిపళ్లు ఎర్రగా, పచ్చగా ఇసకలో దొర్లుతుంటే చీమలకంటే ముందు మేం చేరి, గింజ ఒలిచి పెద్దవాళ్లకిచ్చి, పండుని ఉప్పులో అద్దుకుని గొంతు గీరుకునేదాకా తినేవాళ్లం. కారిన రసం ఎక్కడ పడితే అక్కడ మచ్చ, ఏ సబ్బుకీ లొంగని మచ్చ. పడమటి గాలి తిరిగిన రోజున కాశీబుగ్గ నుంచి జీడిగింజలు కాల్చే పొగ ఘాటుగా వచ్చేది. గాలి తూర్పుకి మళ్లితే ఎండు నెత్తళ్ల చేపల వాసన. కొబ్బరితోటలు దాటి, మొగలి పొదల్లో కాళ్లు గీరుకుంటూ నడిస్తే ఇసక దిబ్బ, దిబ్బ దిగితే సముద్రం. ఆ దిబ్బ మీదే మా తాత ఉద్యోగం.

తాత పడవ ఎక్కేవాడు కాదు, వల లాగేవాడు కాదు. పెద్దవల వేసే రోజుల్లో దిబ్బ మీద నిలబడి సముద్రాన్ని చూసేవాడు. తాడు ఒక కొస ఒడ్డున ఉంచుకుని, పడవ వలతో అర్ధచంద్రంలా చేపల గుంపుని చుట్టి, రెండో కొసని మళ్లీ ఒడ్డుకి తెస్తే, రెండు వరసల జనం రెండు పక్కల నుంచీ లాగుతారు. అయితే పడవలో ఉన్నవాళ్లకి కనిపించేది నీళ్లే. నీళ్ల రంగు కనిపించేది దిబ్బ మీది మనిషికి. కవ్వల చేపల గుంపు నిలిచినచోట సముద్రం మీద ఎవరో నీడ ఆరేసినట్టు నల్లబడుతుంది. ఆ నలుపు ఎటుంటే అటు తాత తువ్వాలు విసిరేవాడు. తువ్వాలు దక్షిణానికి ఊగిందంటే దక్షిణానికి వెళ్లమని కాదు. చేప అటుంది, అటు పోయి బెదరగొట్టొద్దు, ఉత్తరం నుంచి చుట్టి రమ్మని. తువ్వాలు ఊగిన వైపు పోకూడదన్నది మా ఊళ్లో ఉగ్గుపాలతో వచ్చిన చదువు.

దానికింకో కట్టుబాటు ఉండేది. వల ఖాళీగా వస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. కానీ దిబ్బ మీది మనిషి తన నోటితో తాను ‘సైగ తప్పింది’ అన్నాడంటే తువ్వాలు ఇంకొకరి భుజాన వేసి ఏడాదిపాటు దిగిపోవాలి. అందుకే దిబ్బ ఎక్కినవాళ్లెవరూ ఆ మాట అనేవాళ్లు కాదు. తప్పుని నీటివాలు మీదో, గాలి మీదో, బావమరిది మీదో పెట్టేవాళ్లు. మా తాత బావమరిది గురయ్యే పడవకి చుక్కాని పట్టేవాడు కనుక, అతని మీద చాలా పడేది.

పిల్లలం మేమూ అదే ఆట ఆడేవాళ్లం. ఒకరు గుడ్డ ఊపాలి, మిగతావాళ్లు పడవ. నన్ను ఎప్పుడూ పడవలోనే వేసేవారు, అదీ వెనక వరసలో. జీడిసొన పడి మచ్చకట్టిన చెయ్యి ఎడమది అని గుర్తుపెట్టుకుంటే తప్ప నాకు కుడి ఎడమలు తెలిసేవి కావు. అలాంటి నాకు దిబ్బ ఎక్కి తువ్వాలు ఊపాలని కోరిక. కోరికలకి కుడి ఎడమలు ఉండవు కదా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక మిట్టమధ్యాహ్నం ఆ కోరిక తీరింది. తువ్వాలు గలవాడికి మాత్రం తీరని నష్టం. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత కనబడనంత మసక. పడవ ఒడ్డునే ఉంది. దిబ్బ కింద మొగలి నీడన తాత చద్దన్నం తింటున్నాడు, తువ్వాలు పక్కన మడతపెట్టి ఉంది. పిండిమర పట్టీ తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తూ ఉత్తరం నుంచి తెల్లటి చిన్న విమానం వచ్చి, మా మీద ఒకసారి తిరిగింది. ఇంకాస్త కిందికి దిగి రెండోసారి తిరిగింది. లోపల ఒకే ఒక్క మనిషి, కిందికి వంగి చూస్తున్నాడు.

తాత నోట్లో ముద్ద ఉండగానే అన్నాడు: “దారి తప్పినట్టున్నాడే గుంటా. దచ్చినానికి తిన్నగా ఎల్తే నేవీవోలు ఒగ్గరు.”

ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్ల కసరత్తులున్న రోజుల్లో ఫలానా వైపు వేటకి రావొద్దని కబురొచ్చేది. నీళ్లకి హద్దుంటే గాలికీ ఉంటుంది కదా అనుకున్నాను. ఇంకేం, తువ్వాలు లాక్కుని దిబ్బ మీదికి పరిగెత్తాను. సముద్రం వైపు తిరిగి, మచ్చ లేని చెయ్యి ఎటుందో చూసుకుని, ఒంట్లో బలమంతా పెట్టి దక్షిణానికి ఊపాను, అటు పోవద్దని. విమానం రెక్కలు రెండు సార్లు అటూ ఇటూ వంచింది. దండం పెట్టాడనుకున్నాను. ఆ తర్వాత తిన్నగా దక్షిణానికే పోయింది.

“తాతా! ఆడు అటే ఎల్లిపోతన్నాడు!”

“నువ్వు సరిగ్గానే సెప్పినావే. ఆడికే సైగ తెల్దు,” అని తాత చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రానికి ఊరంతా పాకింది, తువ్వాలు ఊపింది తాతే అన్నట్టుగా. గురయ్య ఊరుకుంటాడా? “బావా, గాల్లో ఏటి సేప కనబడ్డాది? కవ్వలా, కానాగంతా?” అని నెలరోజులు నవ్వాడు. తాత కాదనలేదు, నేనూ కాదనలేదు. తాత ఎందుకు కాదనలేదో తర్వాత తెలిసింది. నేనైతే భయపడి.

నెల దాటాక పలాస నుంచి అద్దె జీపులో ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఎండకి ముక్కు కమిలింది, మనిషి రాజమండ్రివాడు.

“ఎర్ర తువ్వాలు ఊపినాయన మీరేనాండీ?” అన్నాడు, కోపంగా కాదు, దొరికావురా దేవుడా అన్నట్టు.

ఆయన చెప్పింది ఇది. భువనేశ్వర్ నుంచి రాజమండ్రికి సొంతంగా నడుపుకుంటూ వస్తున్నాడు. టెక్కలి దగ్గర సముద్రం వదిలి లోపలికి మళ్లి, విశాఖ మీది ఆకాశాన్ని తప్పించుకుని పోవాలి. మసకలో టెక్కలి ఎక్కడుందో తెలియలేదు, రేడియో పలకలేదు. కింద ఒక ఎర్రగుడ్డ గట్టిగా దక్షిణం చూపిస్తే, ఇంకా మలుపు రాలేదు కాబోలు, తిన్నగా పొమ్మంటున్నారు అనుకున్నాడు. పోయి పోయి అనుమతి లేని ఆకాశంలో పడ్డాడు. దింపి, అడిగి, లైసెన్సు తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు విచారణ.

“ఎవరో దారి చూపించారంటే నమ్మట్లేదండీ. కావాలనే వచ్చావంటున్నారు. ఒక్క కాగితం రాసిస్తే చాలండి.”

గురయ్య గడపలోంచే అందుకున్నాడు. “రాయొద్దు బావా. సైగ తప్పినాదని నీ నోటంట వొత్తే దిబ్బ దిగాల. గాల్లో తిరిగినోడి కోసరం నువ్వు నేల మీన కూలబడతావేటి?”

నేను స్తంభం వెనక ఉన్నాను, చేతిలో సగం తిన్న జీడిపండు. “నానే...” అన్నాను.

“గుంటా, బాబుకి కొబ్బరిబొండం తే. బేగెల్లు,” అన్నాడు తాత. అంత గట్టిగా నన్ను ఎప్పుడూ కసరలేదు.

బొండం తెచ్చేసరికి బడి మేస్టారు వచ్చి కూచుని కాగితం రాస్తున్నారు. తాత ఆయన్ని ఆపి, ఆ మనిషి వైపు తిరిగి అడిగాడు: “బాబూ, ఇది ఒగ్గేస్తే నీకు ఇంకేటి పని వొచ్చు?”

“ఇంకేం రాదండి.”

“నాకూ అంతే,” అన్నాడు తాత. మేస్టారి వైపు తిరిగాడు. “రాయండి మేస్టారూ. సూసినోడికి అర్తం కాకపోతే ఆ సైగ తప్పే. ఆ తప్పు నాది.” వేలిముద్ర వేసి, సిరా వేలిని ఇసకలో రుద్దుకున్నాడు.

మర్నాడు పొద్దున్న దిబ్బ దగ్గర తాత తువ్వాలు మడిచి గురయ్య భుజాన వేశాడు. నెలరోజులు నవ్విన గురయ్య ఆరోజు నవ్వలేదు. “ఒక్క ఏడాదే కద బావా,” అన్నాడు. తాత తాడు లాగే వరసలో చివర నిలబడ్డాడు, పిల్లకాయలు నిలబడే చోట. ఏడాది తిరిగాక కళ్లు మసకలంటూ మళ్లీ ఎక్కలేదు. ఆ కళ్లతోనే ఒడ్డున నిలబడి నీళ్ల నలుపు ఎక్కడుందో గొణుక్కోవడం నేను విన్నాను.

రాజమండ్రి నుంచి కార్డు వచ్చింది, లైసెన్సు తిరిగిచ్చారని. ఒక శీతాకాలం పగటిపూట ఆ తెల్ల విమానం మా మీదుగా వచ్చి, రెక్కలు వంచి, బుద్ధిగా టెక్కలి వైపు మళ్లింది. ఒడ్డున ఉన్న జనమంతా చేతులూపారు. తాత మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“ఏటి తాతా, నువ్వూ ఊపు!”

“ఊరుకోయే. మల్లీ ఎక్కడికి పంపించీమంటావు?”

ఇప్పుడు అక్కుపల్లిలో పెద్దవల వేసేవాళ్లు లేరు. మరబోట్లొచ్చాయి, చేప ఎక్కడుందో ఫోను చెబుతుందట. దిబ్బ సగానికి కరిగింది, దాని మీద సరుగుడు చెట్లున్నాయి. తుపానులకి పడిపోయిన జీడితోటల్లో చాలావాటిని మళ్లీ నాటలేదు. తాత పోయాడు, గురయ్యా పోయాడు. తువ్వాలు ఊపింది నేనన్న సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఇందులోనే మొదటిసారి రాస్తున్నాను.

మొన్న బజారులో రెండు జీడిపళ్లు తీసుకుని లేస్తుంటే నేవీ విమానం ఒకటి చెవులు గింగుర్లెత్తేలా నెత్తి మీంచి పోయింది. ఇక్కడ రోజూ పోయేదే.

“ఏటమ్మా,” అంది ముసలమ్మ, “పళ్లు అలగ ఎనక్కి దాసేత్తన్నావు? ఎవులు లాక్కుంటారేటి?”

చూసుకుంటే నా రెండు చేతులూ వెనక ఉన్నాయి.