కొట్టు మూయించిన చల్లటి కాఫీ

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు, ఇది గట్టిగా చెప్పుకునే సంగతీ కాదు. ఒక్క గుక్క కాఫీతో ఒక కొట్టునే మూయించిన ఘనత నాది. ఆ గుక్క కూడా నా నోట్లో పడలేదు, అదీ విడ్డూరం.

అప్పుడు మేము పట్నంలో, పురసవాక్కంలో ఉంటిమి. మా మామయ్యకు ఆడనే కాఫీ కొట్టు. గింజలు వేయించేది మామయ్య, కాఫీ కలిపేది ఆర్ముగం మాస్టరు. ఆయన టంబ్లరులోంచి దబరా గిన్నెలోకి పోస్తుంటే కాఫీ మూర పొడుగు సాగేది, పూలమ్మే ఆమె మూర వేసినట్టు. నా పెళ్లికొచ్చి తాళి కట్టింది చూడనివాళ్లు కూడా మాస్టరు కాఫీ సంగతి మాత్రం మరిచిపోలేదు.

తొంభైల చివర్లో పెద్ద రోడ్డు మీద అద్దాల కాఫీ షాపు తెరిచినారు. ఊరూరా అదే పేరు, అదే బోర్డు, అదే రుచి అంట. లోపల ఏసీ. కుర్రకారంతా ఆడికే.

"కాఫీకి ఏసీ ఎందుకు? అదేమన్నా శవమా?" అనేవాడు మామయ్య.

"ఏసీ కాఫీకి కాదు నాన్నా, మనుషులకు," అనేది మా ఆడబిడ్డ వసంత. కాలేజీ చదువు, నోటికి బ్రేకు లేదు.

"చెమట పట్టకుండా తాగేది కాఫీ ఎట్లయితాది? పోవే!"

మాటల్లో మామయ్యే గెలిచేవాడు. కొట్లో మాత్రం బాయిలరు ఊరికే ఉడికేది. అట్లాంటప్పుడే మాస్టరు, ఊళ్లో పొలం చూసుకోవాల, కొన్నాళ్లకు వస్తానని చెప్పి పోయినాడు. నెలలు గడిచినాయి. మామయ్య మోకాళ్లకు నూనె పూసుకుని, తెల్లారకముందే తానే పోయి షట్టరు లేపేవాడు. పక్కనున్న చెప్పుల కొట్టువాళ్లు ఆ స్థలం అడుగుతున్నారు, ఇచ్చేసి ఇంట్లో కూర్చో నాన్నా అని మా ఆయన బతిమాలితే ఒకటే మాట: "ఆర్ముగం తిరిగొస్తే యాడికి పోతాడ్రా? వాడొచ్చేదాకా కొట్టుండాల."

ఇదీ పరిస్థితి. ఇంక నా ప్రతాపం వినండి.

ఒక మధ్యాహ్నం వసంత, "వదినా, ఆ అద్దాల కొట్టు చూసొద్దాం రా. నాన్నకు చెప్పొద్దు," అనింది. శత్రుదేశానికి పోతున్నాం కదా అని పట్టుచీర కట్టినా. ఓడిపోయినా లక్షణంగా ఓడిపోవాల.

న్యాయంగా ఒక మాట చెప్పాల. కాఫీ కొట్టు కోడలినై ఉండీ నేను మా కొట్లో ఏనాడూ కాఫీ తాగలేదు. ఆడది వీధిలో కాఫీ తాగితే నోళ్లు ఊరుకునేవి కావు. ఆ షాపులో మేమిద్దరం సోఫాలో కూర్చుంటే ఎవురూ తిరిగి చూడలేదు. కాసేపటికి అందరూ చూసినారు, అది వేరే సంగతి.

వసంత కోల్డ్ కాఫీ చెప్పింది. మా ఇంట్లో కాఫీ చల్లారితే కోడలికి తిట్లు, ఈడ చల్లార్చి ఇస్తేనే మర్యాద! పొడుగాటి గ్లాసు వచ్చింది, నెత్తిన ఐస్‌క్రీము, అందులో గుచ్చిన సన్నటి గొట్టం. ఎవరో మరిచిపోయినారనుకుని దాన్ని తీసి పక్కన పెట్టినా. మా ఇళ్లలో గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి. ఎత్తి నోట్లో పోసుకోవాల. నేనూ తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, గ్లాసు పైకెత్తి వంచినా. ఏమీ పడలేదు. ఇంకా వంచినా.

"వద్దు వదినా! దాన్ని పీల్చాల!"

నోరు తెరుచుకుని ఉంటి కదా, జవాబెట్లా చెప్పేది? గ్లాసు అడుగున ఒక్క తట్టు తట్టినా.

ఐస్‌క్రీము ముక్కు మీద, కాఫీ మెడ మీద, తక్కినదంతా పట్టుచీర మీద. నోట్లో చుక్క లేదు. స్వామికి పాలాభిషేకం చూసినవాళ్లే అందరూ, కోడలికి కాఫీ అభిషేకం ఆనాడే చూసినారు.

"పరువు పోయింది వదినా, పరువు పోయింది," అని వసంత మొహం దాచుకుంది.

నెత్తిన టోపీ, నడుముకు నల్లగుడ్డ కట్టుకున్న మనిషొకాయన బకెట్టు తెచ్చి, తలొంచుకుని నేల తుడవబోయినాడు. కళ్లలో ఐస్‌క్రీము తుడుచుకుని చూద్దును కదా, ముంజేతి మీద మా కొట్టు బాయిలరు ఆవిరి కాల్చిన మచ్చ!

"మాస్టరూ!" అని అరిచినా.

"మెల్లగా చిన్నమ్మా, మెల్లగా."

"పొలం చూసుకుంటానని పోతిరే?"

"నాకు పొలమేడిది? కొట్లో వ్యాపారం లేదు. నన్ను పొమ్మనలేక అయ్య కొట్టును లాక్కొస్తా ఉండినాడు. నేను పోతే మూసేసి, మోకాళ్లు చాపుకుని కూర్చుంటాడనుకుంటి."

"మూయలేదు మాస్టరూ. మీరొస్తారనే తెరిచి పెట్టినాడు."

పిండిన గుడ్డనే మళ్లీ పిండినాడు.

"ఈడ కాఫీ మీరే కలుపుతారా?" అని అడిగింది వసంత.

"మిషను కలుపుతుంది పాపా. నేను కప్పులు కడుగుతా." మళ్లీ నేల మీదికి వంగినాడు. "అయ్యకు చెప్పొద్దు. తట్టుకోలేడు."

పసుపుకుంకాల మీద ఒట్టేసినా. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. ఆ ఒట్టు మా ఇంటి గుమ్మం దాకా నానింది, అదే గొప్ప.

గుమ్మంలోనే మామయ్య. "ఏమ్మా, ఆ చీరేంది?"

"వాన, నాన్నా," అనింది వసంత. నడివేసవి, ఆకాశం కాలిన పెనంలా ఉంది.

పాపం పిల్ల, అబద్ధం నిలబెడదామని నేనందుకున్నా. "అవును మామయ్యా, పెద్ద వాన. మాస్టరు ఎంత తుడిచినా పోలేదు."

"ఏ మాస్టరు?"

ఇంక దాచేదేముంది? అంతా చెప్పేసినా.

"కప్పులు కడుగుతున్నాడా?" అని మాత్రం అడిగినాడు మామయ్య. "నా కొట్లో వాడి చేత ఒక్కనాడు కప్పు కడిగించలేదమ్మా."

మర్నాడు షట్టరు చప్పుడు లేదు. పాలవాడు వచ్చి, అయ్యకు ఒళ్లు బాగలేదా అని అడిగినాడు. కొట్టు చెప్పులవాళ్లకు పోయింది.

తాళంచెవి ఇచ్చేసిన రోజు మామయ్య నన్ను తోడు తీసుకుని అద్దాల షాపుకు పోయి, కాఫీ చెప్పినాడు. బల్ల తుడవడానికి వచ్చిన మాస్టరు చేతిలో గుడ్డ వెనక్కి దాచుకున్నాడు.

"కొట్టు మూసేసినా ఆర్ముగం. వయసంతా ఇద్దరం నిలబడే ఉంటిమి. ఇట్ల కూర్చో."

"డ్యూటీలో కూర్చోకూడదయ్యా."

మామయ్య మోకాళ్లు పట్టుకుని లేచినాడు. మెత్తటి సోఫా ఖాళీగా వదిలేసి, మాస్టరు పక్కన నిలబడి ఆఖరి చుక్కదాకా తాగినాడు. ఏసీలో నిలబడి కాఫీ తాగిన మనిషి ఆ షాపు పుట్టినాక ఆయనొక్కడే అయ్యుంటాడు.

"ఎట్లుందయ్యా?" అని మాస్టరు అడిగినాడు.

"కప్పు బాగా కడిగినావు," అన్నాడు మామయ్య.

సూర్యచంద్రుల సాక్షిగా ఆనాడే శపథం చేసినా, నెత్తిన ఐస్‌క్రీమున్న దేన్నీ జన్మలో ఎత్తి తాగనని. ఈ ఒట్టొక్కటైనా నిలబెట్టుకుంటున్నా. మీ ఇంట పాలు విరగకుండాల, డికాషను పలచబడకుండాల, మీకు కాఫీ కలిపిచ్చే చేయి ఎవురిదైనా అది చల్లగుండాల.