గొళ్ళెం బావ సఫారీ

మా బావకి జూలో పెట్టిన పేరు గొళ్ళెం. సింహాల బోనులు చూసుకునే ఉద్యోగం ఆయనది. వేసిన గొళ్ళెం లాగి చూస్తాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. ఇంట్లోనూ ఇదే తంతు. పాలు విరిగితే పాలవాణ్ణి, కరెంటు పోతే పక్కింటివాళ్ళని, నేను నవ్వితే నన్ను అనుమానిస్తాడు. అనుమానం లేనివాడు సింహాల దగ్గర ముసలివాడయ్యేదాకా బతకడని ఆయన వాదన. ఆ అనుమానాలకి జవాబులు చెప్పీ చెప్పీ మా అక్క మాత్రం ముందే ముసలిదైపోయింది.

ఆయన అనుమానించని ప్రాణి ఒక్కటే, ముసలమ్మ. ఆయనే సీసాతో పాలు పట్టి పెంచిన ఆడసింహం. ఈమధ్య అది కాళ్ళీడుస్తుంటే, వయసు మీదపడిందిలే అనుకున్నాడు. అదీ ఆయనలాంటిదే. ఆయన గొంతు వినపడితే తప్ప లోపలి గదిలోంచి బయటికి రాదు, ఇంకొకరు పెడితే ముట్టదు.

అలాంటి మనిషిని ఆఫ్రికా తీసుకెళ్తానని అక్క పట్టుబట్టింది. నేను పనిచేసేది టూర్ల ఆఫీసులో కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ఓ సాయంత్రం వాళ్ళ వంటింటి బల్ల మీద ఫొటోలు పరిచాను. పచ్చటి కొండలు, వాటి కింద ఎండిన గడ్డి మైదానం, గొడుగుల్లాంటి చెట్లు, నీడలో సింహాల గుంపు. బావ ఫొటోని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"ఇవి పెంచిన సింహాలు కావు కదా?"

"అబ్బబ్బ! అడివిలో ఎవరు పెంచుతారు బావా?"

"మరి మనం పడుకునేది?"

"డేరాలో."

"డేరాకి గొళ్ళెం?"

"జిప్పుంటుంది."

"జిప్పా! సింహానికి జిప్పు అడ్డమా! నన్ను వదిలించుకోడానికి అక్కాచెల్లెళ్ళు ఇంత ఖర్చు పెట్టక్కర్లేదే మరదలు పిల్లా!"

నాకు ఒళ్ళు మండింది. "వానలు తగ్గాక వెళ్ళండి, జంతువులు బాగా కనిపిస్తాయి" అన్నాను. అక్క ససేమిరా అంది. వచ్చే సోమవారమే బయల్దేరాలట. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలింది. ఎక్కడో తేడా కొడుతోందని నాకే అనిపించింది. బావ మాత్రం ఫొటో పక్కన పెట్టి, అక్క మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన అరిచినప్పుడు ఫరవాలేదు గానీ, ఇలా ఊరుకున్నాడంటే భయం.

రెండో రోజే మా ఆఫీసుకి ఊడిపడ్డాడు. "ఒక్కపూట సెలవడిగితే మొహం మాడ్చుకునే పెద్ద సారు, అడగ్గానే ఇచ్చేశాడు. జూ డాక్టరు భుజం తట్టి హాయిగా తిరిగి రమ్మన్నాడు. ఆ మనిషి నాతో ఎప్పుడైనా నవ్వాడా?"

"మంచిగా మాట్లాడినా తప్పేనా? ఏం మనిషివి బావా!" అని కసిరి పంపించాను.

శనివారం మాంసం బండివాడు గంపలు దించుతూ ఆయన్నే అడిగాడట: "సోమవారం నుంచి ముసలమ్మ వాటా వద్దన్నారుగా, ఎక్కడికి పంపించేస్తున్నారు?"

బావ తిన్నగా ఇంటికొచ్చాడు. నేను టిక్కెట్లు ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను. ఆయన అక్క ఎదురుగా నిలబడి, బండివాడి మాట చెప్పి, "నీకు తెలుసు కదూ?" అన్నాడు.

అక్క బావురుమంది. "దానికి నడుం పడిపోయింది, నొప్పితో నరకం చూస్తోంది, ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యాలని డాక్టరు చెప్పాడు. మీరు చూసి తట్టుకోలేరు. ఆ టైముకి మీరిక్కడ ఉండకూడదని నేనే..."

నాతోనైనా చెప్పనందుకు అక్క మీద పిచ్చి కోపం వచ్చింది. బావని చూస్తే గుండె తరుక్కుపోయింది. ఆయన కేకలెయ్యలేదు.

"దాన్ని కటకటాల దగ్గరికి ఎవరు పిలుస్తారు?" అన్నాడు. "నేను లేకపోతే అది రాదు. మత్తు తుపాకీతో కొడతారు. బెదిరిపోయి, నాకోసం వెతుక్కుంటూ పోతుంది. అలా పోవాలా అది?"

సోమవారం వాళ్ళు బయల్దేరలేదు. పొద్దున్నే జూకి నేనూ వెళ్ళి, అక్క చెయ్యి పట్టుకుని దూరంగా నిలబడ్డాను. బావ రోజూలాగే మాంసం ముక్క పట్టుకుని, "రావే ముసలమ్మా" అన్నాడు. అది కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. డాక్టర్ని చూసి ఆగిపోయింది. బావ మళ్ళీ పిలిచాడు. అంతే, ఇంకేం ఆలోచించకుండా వచ్చి కటకటాలకి ఒళ్ళు ఆనించి పడుకుంది. డాక్టరు ఇంజెక్షన్ చేస్తున్నంతసేపూ బావ చేతినే నాకుతూ ఉంది.

అంతా అయ్యాక బావ ఖాళీ బోనుకి గొళ్ళెం వేశాడు. లాగి చూడకుండానే వచ్చేశాడు.

టిక్కెట్లు నేను రద్దు చెయ్యలేదు, తేదీలు జరిపించాను. వానలు తగ్గాక ఓ రోజు భయపడుతూనే మళ్ళీ ఆ ఫొటోలు తీసుకెళ్ళాను. డేరా గురించి గానీ, జిప్పు గురించి గానీ ఆయన అడగలేదు. చెట్టునీడలో సింహాల మీద వేలు పెట్టాడు.

"మనిషి పిలిస్తే వస్తాయా ఇవి?"

"రావు బావా. గొంతు చించుకున్నా తలైనా తిప్పవు."

"నిజంగా రావు కదా?"

"ఒట్టు, రావు."

ఆయన ఫొటోని బల్ల మీద పెట్టి, అక్క వైపు చూశాడు.

"అయితే వెళ్దాం" అన్నాడు.