లూప్ లైన్లో వేసిన కాజాలు

రైలును లూప్ లైన్లో పెడితే నాకు సంతోషం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అంటే పెట్టెలో ఉన్నవాళ్లంతా కలిసి నన్ను కిందికి దించేస్తారు.

గిద్దలూరులో ఒక బడి ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాను. సెలవు రోజున మార్కాపురంలోని ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున ప్యాసింజరుకు తిరిగి పోతాను. ఎదురుగా గూడ్సు వస్తున్నా, వెనక నుంచి ఎక్స్‌ప్రెస్సు తరుముకొస్తున్నా మా బండిని ఏదో ఒక చిన్న స్టేషన్లో పక్క పట్టాల మీదికి మళ్లించి నిలబెడతారు. అసలు దారి నుంచి విడిపోయి, కొంతదూరం దాని పక్కనే నడిచి, మళ్లీ దానిలోనే కలిసే పట్టాలవి. అందరూ తలుపుల దగ్గరికి పోయి సిగ్నలును తిడుతూ ఉంటారు. నేను కిటికీ పక్కన పుస్తకం తెరుస్తాను. అక్షరాలు ఊగవు. "ఏం చదువుతున్నావు పాపా?" అని అడిగేవాళ్లు ఉండరు.

అట్లా ఆగిన బండిలో కూర్చునే ఒకసారి డైరీలో లూపుల గురించి రాసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ వాకిట్లో వేసే మెలికల ముగ్గులో గీత చుక్కలన్నీ చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి చేరుతుంది. బడికి పోయే రోజుల్లో నా జడలను రెండుగా మడిచి రిబ్బనుతో కట్టేవాళ్లు. కొనకనమిట్ల వైపు పల్లెలు చుట్టి వచ్చే బస్సు ఒకటుంది. మార్కాపురం పోవలసిన ఆడవాళ్లు అది ఎదురు దిక్కుకు పోయేటప్పుడే ఎక్కేస్తారు. ఊళ్లన్నీ తిరిగినా సరే, సీటు దొరికితే చాలు. అయితే నాకు బాగా తెలిసిన లూపు మాత్రం కాజా. రవికకు ఒకవైపు హుక్కులు, రెండోవైపు అవి తగులుకోవడానికి దారంతో చేసే చిన్న ఉంగరాలు, అవే కాజాలు. మా అమ్మ ఇంట్లో కూర్చుని దర్జీలకు కాజాలు వేసి ఇస్తుంది. నాకు అక్షరాలూ కాజాలూ ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి.

పోయిన మాఘమాసంలో ఒక సోమవారం నా ఎదురు సీట్లో ఒకామె ఒడిలో సారె సంచి పెట్టుకుని కూర్చుంది. మా పిన్ని వయసుంటుంది. మరునాడు గిద్దలూరులో ఆమె ఆడబిడ్డ కూతురి పెళ్లి. పెళ్లికూతురు మేనమామ ఇంటి చీరా రవికా కట్టుకుని పీటల మీద కూర్చోవాలట. మొగుడు, కొడుకు, కోడలు సాయంత్రం వస్తారట. సారె మాత్రం ముందే చేరాలని ఈమె బయల్దేరింది. ఆమె పక్కన రాచర్ల తాత ఒకాయన. సంతలో మేకల్ని అమ్మి, ఉత్త పలుపులు భుజాన వేసుకుని ఇంటికి పోతున్నాడు.

కంభం దాటాక బండిని లూప్ లైన్లో పెట్టారు. తాత సిగ్నలును తిట్టి వచ్చి కూర్చున్నాడు. నేను పుస్తకం తీయబోతుంటే ఆమె సంచిలోంచి రవిక తీసింది.

"చూడు పాపా, నేనే కుట్టినా. ఈ అంచు ఎట్ల కలిసిందో చూడు," అంటూ ముందు భాగం విప్పి, అట్లాగే ఆగిపోయింది. "అయ్యో, ఏందిది! రెండు పక్కలా హుక్కులే ఉన్నాయే!"

"రెండు పక్కలా ఉంటే ఇంకా గట్టిగా ఉంటది కదమ్మా," అన్నాడు తాత.

"మేకకు కట్టే పలుపనుకున్నావా తాతా? హుక్కు పోయి హుక్కుకు తగులుకుంటదా?" ఆమె నుదురు కొట్టుకుంది. "రాత్రి నేను ఒక పక్క హుక్కులు వేసి, కాజాలు పొద్దున వేద్దామని పడుకున్నా. తెల్లారి కోడలు లేచి, పాపం అత్త మర్చిపోయింది అనుకోని రెండో పక్క కూడా వేసి, ఇస్త్రీ చేసి మడత పెట్టింది. అడక్కుండా కాజాలు వేసిందే అని మెచ్చుకోని మరీ వచ్చినా!"

"పిన్నీసులు పెట్టుకుంటదిలే."

"పెళ్లికూతురికి పిన్నీసులా? నేను గడపలో కాలు పెట్టంగానే మా ఆడబిడ్డ సారె అంతా అందరి ముందర విప్పి చూపిస్తది. 'నీ పెండ్లాం గోనెసంచులు కుట్టను పనికొస్తది' అని నా మొగునితో అన్న మనిషి ఆమె. ఈ పొద్దు ఇది చూసిందంటే నేను చచ్చినాక కూడా చెప్పుకుంటది."

ఆమె దగ్గర సూది ఉంది, అదే రంగు దారం ఉంది. హడావుడిలో కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయింది. దారం కొస తడిచేసి సూదిలోకి ఎక్కించబోతే ప్రతిసారీ పక్కకే పోతోంది. నేను చూస్తూ ఉన్నాను. నాకు వచ్చిన పనే. అయినా కొత్తవాళ్లతో నోరు విప్పాలంటే నాకు సిగ్గు. ఆమె నాలుగోసారో ఐదోసారో దారం తడిచేసేటప్పటికి ఇంక ఉండలేకపోయాను.

"పిన్నీ, ఇట్ల ఇయ్యి. నేను వేస్తా."

"నీకొచ్చా?"

తల ఊపాను. ఆమె రవిక నా ఒడిలో పెట్టింది. తాత జేబులోంచి చిన్న చాకు తీశాడు. ఒక పక్క హుక్కులన్నీ ఊడదీసి మొదటి కాజా మొదలుపెట్టాను. బట్టమీద దారాన్ని కొంచెం వదులుగా రెండు మూడుసార్లు తీసి, ఆ దారాల మీదే సూదితో మెలికలు వేసుకుంటూ పోవాలి. వదులెక్కువైతే రవిక నోరు తెరుస్తుంది, బిగిస్తే హుక్కు దూరదు. పట్టు బట్ట, కదిలే బండిలో అయితే సూది జారి వేలికి గుచ్చుకుంటుంది, రక్తం మరక పడితే అంతే సంగతులు. బండి ఆగి ఉన్నంతసేపే ఈ పని.

కిటికీ పక్కన ఎక్స్‌ప్రెస్సు దడదడా పోయింది. ఆమె కిటికీలోంచి చూసి నా వైపు తిరిగింది.

"అయిపోయింది. ఇంక మన బండి వదుల్తారు."

"ఉండమ్మా," అంటూ తాత తలుపు దగ్గరికి పోయాడు. ఇందాక సిగ్నలును తిట్టిన మనిషే ఇప్పుడు దానికి కాపలా కాశాడు. "ఎర్రగానే ఉండాది పాపా, కుట్టు! ఇంకేదో బండి రావాలంట."

"ఎంతసేపయ్యా ఈ ఆపడం!" అని వెనక సీట్లోంచి ఎవరో విసుక్కున్నారు.

"నీకేం తొందరబ్బా? పెళ్లి నీదా?" అంది ఆమె.

గూడ్సు వచ్చింది. అది పోయేదాకా నేను తల ఎత్తలేదు. చివరిది ఒక్కటే మిగిలి ఉండగా తాత అరిచాడు. "పచ్చ పడింది పాపా! సూది తీసెయ్!"

బండి ఊగుతూ అసలు పట్టాల మీదికి ఎక్కింది. సూదిని దారం చుట్టకు గుచ్చి పట్టుకున్నాను. గిద్దలూరు వచ్చేదాకా ఆమె నా మోచేతి మీద చెయ్యి తీయలేదు.

స్టేషన్లో దిగగానే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చివరి కాజా పూర్తి చేశాను. ఆమె పళ్లతో దారం తెంపింది. కళ్లద్దాలు లేవు కదా, వేళ్లతో తడుముతూ కింది నుంచి ఒక్కో హుక్కునూ తగిలించుకుంటూ పోయింది. ఒక్కటీ తప్పలేదు. పై హుక్కు పడ్డాక రవికను ఎండకు ఎత్తి పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

"ఇప్పుడు విప్పమను మా ఆడబిడ్డను. ఎంతమందినైనా పిలిచి విప్పమను!"

తాత పలుపులు సర్దుకుని రాచర్ల ఆటో వెతుక్కుంటూ పోయాడు. బయట ఆమె కోసం ఆడబిడ్డ ఇంటివాళ్లు పంపిన ఆటో హారన్ కొడుతోంది. ఆమె రవికను మడిచి చీర మడతల్లో పెట్టి, గబగబా నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"రేపు పెళ్లికి రా పాపా. సిగ్గుపడబాక. ఎవరి తరపు అని అడిగితే రవిక తరపు అని చెప్పు!"