బాపు ఇచ్చిన సైడు

మా బాపుకు, అంటే నాన్నకు, పిట్టల పిచ్చి రిటైరయ్యాకే పట్టిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. నిజానికి అది స్టీరింగు ముందు కూర్చున్న రోజుల్లోనే పట్టింది. భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం బస్సు నడిపినన్నాళ్ళూ అద్దం ముందు నుంచి ఏవేవో పిట్టలు రోడ్డు దాటేవట. మహదేవపూర్ అడవిలో ఒకటి తెల్లటి రిబ్బను లాంటి తోకేసుకుని అడ్డంగా పోయేదట. బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని పిట్ట కోసం ఆపితే ఊరుకుంటారా? దాన్ని కళ్ళారా చూడకుండానే సర్వీసు అయిపోయింది. పోతూ పోతూ ఇంజను మోత ఆయన ఎడమ చెవిని తీసుకుపోయింది. కుడిచెవి కూడా అంతంతమాత్రమే.

అందుకే మొన్న చలికాలం జనగామ నుంచి ఇద్దరం బయలుదేరి మహదేవపూర్ చేరాం. పిట్టలు చూపించే గైడును ముందే మాట్లాడుకున్నాం. ఆయనది ఆ పక్క ఊరే, వరి పొలం ఉంది, నాకంటే కాస్త చిన్నవాడు. తెల్లవారకముందే అడవి మొదట్లో మమ్మల్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. లోపల అరవొద్దు, పిట్టల మీద లైటు వేయొద్దు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. బండ్లబాట దిగొద్దు, అడవిపందుల కోసం ఎవరో ఒకరు కరెంటు తీగ కడుతూనే ఉంటారు, పోయిన వానాకాలం వాళ్ళ ఊరి ఎద్దొకటి అట్లాగే పోయిందన్నాడు.

ఆ మాట నేను బాపు చెవిలో గట్టిగా చెప్పాను. తల ఊపాడు. బాపు తల ఊపితే విన్నట్టు కాదు, ఇక చాలించు అన్నట్టు. పైగా గాలికి కీచుమంటోందని చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

కొంతదూరం పోయాక గైడు ఆగి, ఒక తొర్రలో గుడ్లగూబను నాకు చూపించసాగాడు. నేను బైనాక్యులర్ సర్దుకునేలోపు బాపు ముందుకు వెళ్ళిపోయాడు. తెల్ల తోక కనబడింది కాబోలు, తల పైకెత్తి, బైనాక్యులర్ కళ్ళకు ఆనించుకుని మెల్లగా నడుస్తున్నాడు. చెట్ల కింద చీకటి ఇంకా పోలేదు. దారి కోసం నేను టార్చి నేల మీదికి వేశాను. బాట ఎడమపక్క గడ్డిలో సన్నగా ఏదో మెరిసింది. చిన్న చిన్న కట్టెలు పాతి, మోకాలి కిందికి కట్టిన తీగ. లైటును దాని వెంట పోనిచ్చాను. అది బాపు పక్క నుంచే పోయి, ఆయనకు కొంచెం ముందర బాటకు అడ్డంగా తిరిగింది.

అరిచాను. అరవొద్దన్న సంగతి గుర్తే లేదు. పిట్టలు లేచిపోయాయి గానీ బాపు తల తిప్పలేదు. ఉరకబోతే గైడు నా రెక్క పట్టుకున్నాడు.

"ఉరుకకు అక్క. ఇంకేడేడ కట్టిన్రో ఎరుకలేదు. ఆయన అడుగులల్లనే అడుగేసుకుంట నేను పోత."

నేల చూసుకుంటూ, మంచుకు తడిసిన గడ్డిలో బాపు కాలిగుర్తులు వెతుక్కుంటూ కదిలాడు. ఆ నడకకు బాపు అందడు. గైడు మీద, తీగ కట్టినవాడి మీద, అందరికంటే ఎక్కువ బాపు మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. చేతిలో టార్చి తప్ప ఏమీ లేదు. బాపు ముందరి ఆకుల మీదికి లైటు కొట్టాను, ఆర్పాను, మళ్ళీ కొట్టాను, డిప్పరు కొట్టినట్టు. లైటు పడితే ఏ డ్రైవరైనా ఆగుతాడు, డ్రైవరు బిడ్డను, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

బాపు ఎడమకు జరిగాడు.

తీగ వైపే. ఒక అడుగు, ఇంకో అడుగు. అక్కడ ఆగాడు. కళ్ళ మీంచి బైనాక్యులర్ తీయకుండానే కుడిచేయి బారజాపి, వెనక ఏదో లారీ తొందరపడుతున్నట్టు, పో పో అని ఊపాడు. తీగకూ ఆయన చెప్పుకూ మధ్య జానెడు లేదు. కాలు మార్చుకున్నా చాలు. టార్చి ఆర్పాలో ఉంచాలో కూడా తెలియలేదు, ఏం చేస్తే ఇంకెంత జరుగుతాడోనని. అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

గైడు చేరుకున్నాడు. రెండు భుజాలూ పట్టి బాపును బాట నడుమకు లాగాడు.

లైన్‌మన్‌కు ఫోను చేసి కరెంటు తీయించేదాకా ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం. కొంచెం తెల్లారాక తీగకు అవతల కనబడింది, కాళ్ళు బిగుసుకుపోయి పడి ఉన్న అడవిపంది. బాపు దాన్ని చాలాసేపు చూశాడు. జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని ఏడుస్తూనే తిట్టాను, లైటు కొడితే ఆగకుండా పక్కకెందుకు జరిగావని.

"ఎనక నుంచి లైటు కొడితె డ్రైవరు ఆగడు బిడ్డా, సైడిస్తడు," అన్నాడు. "ఆపాల్నంటె ఎదురుంగ రావాలె."

ఇప్పుడు మేం అడవికి వెళితే ముందు నేనే నడుస్తాను. పిట్టకు అడ్డమొస్తున్నానని బాపు వెనక నుంచి ఒకటే గొణుగుడు. నేను సైడివ్వను.