వద్దన్న సభకు మాచర్ల ప్రయాణం

మాచర్లలో జరిగే చిన్న మేస్త్రీల సభకు ఎట్లా వెళ్ళాలని ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. దారి చెబుతాను. అయితే నేను అసలు ఎందుకు బయలుదేరానో ముందు చెప్పకపోతే ఆ దారి మీకు పనికిరాదు. మాది శావల్యాపురం. మా ఆయన తాపీ మేస్త్రీ. ఆయన జ్వరంతో పోయినప్పుడు ఆయన కింద పనిచేసేవాళ్ళు తలో దిక్కు పోకుండా నేనే పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. తాపీ పట్టేది మా మరిది దావీదు. బేరం మాట్లాడటం, మనుషుల్ని పిలవడం, సామాను చూసుకోవడం నా వంతు. నరసరావుపేటలో ఒక పెద్ద కంట్రాక్టరు ఉన్నాడు. సర్కారు పనులు వేలంలో పాడుకుని, వాటిని ముక్కలు చేసి మాబోటి వాళ్ళకు ఇస్తాడు. పక్క ఊరి బడి గోడలు అట్లాగే నాకు వచ్చాయి.

యుద్ధం అయిపోయినా సిమెంటు దొరకడం లేదు. పర్మిట్టు ఉన్నవాడిదే సిమెంటు. మాకు గానుగ సున్నమే దిక్కు. సున్నం, ఇసుక నీళ్ళతో కలిపి, ఎడ్లను కట్టి రాతిచక్రం తిప్పిస్తూ రుబ్బే గానుగ మా చుట్టుపక్కల ఆ కంట్రాక్టరుకు తప్ప ఎవరికీ లేదు. అందుకని ఆయన ఏది పంపితే అదే వాడాలి. ఆ ఏడు ఆయన పంపిన సున్నంలో సరిగ్గా కాలని, నీళ్ళలో పూర్తిగా విరగని గడ్డలు, బూడిద కనపడ్డాయి. ఇది పనికిరాదని దావీదు అన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. "ఇచ్చింది వాడండి" అన్నాడాయన. వాడాం. మొదటి పెద్దవాన కురిసేసరికి ఆ గడ్డలు గోడలోపలే ఉబ్బి, వెనకగోడ పొట్టలా ముందుకు ఉబికి నెర్రె ఇచ్చింది.

పని తనిఖీ చేసే సర్కారు ఓవర్సీరు వచ్చి చూశాడు. ఆయన ఎదుట కంట్రాక్టరు నావైపు చెయ్యి చూపించి, "ఆడదాని చేతికి పనిస్తే ఇట్టాగే ఉంటది. ఏమే రూతమ్మా, నీ ఖర్చుతో పడగొట్టి మళ్ళీ కట్టు. కట్టలేకపోతే ఈ వారంలో ఇంకో మేస్త్రీ వస్తాడు" అన్నాడు.

"మంచి సున్నం పంపించండయ్యగారూ. నా చేతులతోనే పడగొట్టి కడతాను. ఇదే సున్నంతోనైతే మాత్రం ఒక్క రాయి కూడా పెట్టను" అన్నాను.

అప్పటికే మాచర్ల సభ సంగతి పిడుగురాళ్ళ నుంచి వచ్చే సున్నపు బండివాడు చెప్పి ఉన్నాడు. చిన్న మేస్త్రీలంతా ఒక ఆదివారం కూడతారట. ఈ మాట కంట్రాక్టరుకు కూడా తెలిసినట్టుంది. గుమాస్తాను పంపించాడు. సభకు వెళ్ళినవాళ్ళకు తన పనుల్లో చోటు లేదన్నది కబురు. గుమాస్తా వెళ్ళాక దావీదు దిగులుగా, "ఎందుకొదినా, కాళ్ళు పట్టుకుంటే పోద్దిగా" అన్నాడు.

"పోయేది ఎట్టాగూ పోతంది. కాళ్ళు పట్టుకుని పోగొట్టుకోవడమేందిరా? పద, చూసొద్దాం" అన్నాను. ఆదివారం గుడి మానుకుని ప్రయాణమేమిటని మా అత్త సణిగింది. దేవుడు మాచర్లలో కూడా ఉంటాడని చెప్పి మూట కట్టుకున్నాను.

ఇక దారి. శావల్యాపురం నుంచి మాచర్లకు రైల్లోనే పోవాలంటే గుంటూరు వైపు వెళ్ళి, బండి మారి, మళ్ళీ వెనక్కి రావాలి. రోజు గడిచిపోతుంది. మేము తెల్లవారుజామున రైలెక్కి నరసరావుపేటలో దిగి, అక్కడినుంచి సత్తెనపల్లికి బస్సు పట్టుకున్నాం. మనిషికి కొన్ని అణాలు. మూటకు వేరే అడుగుతారు, ఒళ్ళో పెట్టుకుంటే అడగరు. అది పెట్రోలు బస్సు కాదు. వెనక పొయ్యిలాంటి పీపా, అందులో బొగ్గులు, ఆ బొగ్గుల గ్యాసుతోనే నడుస్తుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. ఒకచోట నేను కూడా దిగాను.

డ్రైవరు కిటికీలోంచి తొంగి చూసి, "నువ్వెందుకు దిగావమ్మా? ఆడోళ్ళు కూచోవచ్చు" అన్నాడు.

"నేను రాళ్ళు మోయించే మనిషినయ్యా. నీ బస్సు ఒక లెక్కా?" అన్నాను. ఆయన నవ్వి, మేం దిగేటప్పుడు సత్తెనపల్లిలో రైలు ఎప్పుడూ ఆలస్యమేననీ, హడావుడి పడకుండా స్టేషను బయట పెసరట్లు తిని వెళ్ళమనీ చెప్పాడు. అది నిజమే. తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు కునుకు కూడా తీశాక రైలొచ్చింది.

సత్తెనపల్లి దాటాక నేల రంగు మారుతుంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ రైలుపెట్టెలోకి వస్తుంది. ఆ పైన చెట్టూ చేమా పలచబడి, ఎటు చూసినా పలకలు పలకలుగా రాయి. మా వృత్తివాళ్ళ కళ్ళకు అదంతా ఇళ్ళుగా, అరుగులుగా కనిపిస్తుంది. గురజాలలో ఒక నడివయసు మనిషి చేతిలో గజంబద్దతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. పేరు కోటయ్య. ఆయనా మేస్త్రీయే, ఆయనా సభకే. మూట విప్పి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి మా ఇద్దరికీ పెట్టాడు. ఎవరం, ఏ కులం అని అడగలేదు. మాటల్లో మాటగా తన మంచిరోజులు చెప్పుకొచ్చాడు.

"పేట కంట్రాక్టరు కబురంపాడు. శావల్యాపురం పక్కన బడి గోడ. ఎవత్తో ఆడమనిషి కట్టి చెడగొట్టిందంట. పడగొట్టి నన్ను కట్టమన్నాడు. ఈ పని చేస్తే ఇంకా చానా పనులున్నాయన్నాడు. నేను సభకు పోతన్నట్టు ఆయనకు తెలవదులే."

దావీదు చేతిలో రొట్టె ఆగిపోయింది. నేను గొంతు పెంచకుండానే, "ఆ ఆడమనిషిని నేనే అన్నయ్యా" అన్నాను.

కోటయ్య ముఖం పాలిపోయింది. రొట్టెల మూట ముడివేశాడు. తరవాత, "నాకు తెలవదమ్మా" అన్నాడు. ఇంకాసేపటికి, "అయినా మాటిచ్చేశాను. ఇంట్లో తినేవాళ్ళు ఉన్నారు" అన్నాడు. నేను ఆయన పెట్టిన రొట్టె పూర్తిగా తిన్నాను. వదిలేస్తే అలిగినట్టుంటుంది. నాకు అలగడం ఇష్టంలేదు, తేల్చుకోవడం కావాలి. రెంటచింతల దాటి మాచర్ల చేరాం.

మాచర్లతో రైలు పట్టాలు అయిపోతాయి, అందుకని ఎక్కడ దిగాలన్న కంగారు అక్కర్లేదు. స్టేషను నుంచి కాస్త నడిస్తే నాపరాళ్ళు పేర్చిన ఒక ఆవరణ వస్తుంది. అక్కడి పాకలోనే సభ. అప్పటికి మధ్యాహ్నం. వంట చేస్తున్న ఒక పెద్దావిడ గరిటె పట్టుకునే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరి భార్యవమ్మా?" అని అడిగింది.

"ఎవరి భార్యగానూ రాలేదు పెద్దమ్మా. మేస్త్రీగా వచ్చాను."

"అట్టయితే నిలబడతావేంది? కూచో. మేస్త్రీలందరూ ఆ బంతిలోనే" అంది. మాలమాదిగలు, ఒడ్డెరలు, సాయిబులు, కాపులు ఒకే చాపల వరసలో కూర్చుని తింటున్నారు. వెనకటికి అన్ని కులాలూ కలిసి చాపకూడు కుడిచిన ఊరు కదా, ఇక్కడ అది కొత్త కాదు కాబోలు అనుకున్నాను. వేడివేడి జొన్నన్నం, పప్పు. మా ఊళ్ళో నాకు దొరకని చోటు అక్కడ దొరికింది.

సభలో ఉపన్యాసాలు ఉంటాయేమో అనుకున్నాను. అవేమీ లేవు. పెద్దగా కూర్చున్నది మస్తాన్ మేస్త్రీ. గడ్డం నెరిసిన మాచర్ల మనిషి. ఒక్కొక్కరినీ లేపి, "నీకేం తెలుసు, నీకేం కావాలి, రెండే చెప్పు" అన్నాడు. పిడుగురాళ్ళ ఆయన సున్నపు గడ్డను నీళ్ళలో వేసి, పూర్తిగా విరిగే గడ్డకూ మధ్యలో రాయిలా మిగిలే గడ్డకూ తేడా చూపించాడు. ఇంకొకాయన దగ్గర పరంజా కర్రలు ఊరికే పడున్నాయి. అవి లేక పని ఆపుకున్నవాడు ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. సిమెంటు పర్మిట్టుకు ఒక్కొక్కడూ వెళితే గుమ్మంలోంచే పంపేస్తున్నారు కాబట్టి అందరం కలిసి దరఖాస్తు పెట్టాలని ఒకరన్నారు. ఇన్నేళ్ళుగా ఒకరి పక్క ఊళ్ళో ఒకరం పనిచేస్తూ, ఎవరి కష్టం వాళ్ళకే ప్రత్యేకంగా వచ్చిందనుకున్నాం.

నా వంతు వచ్చింది. గోడ సంగతి మొత్తం చెప్పాను. చివర, "ఆ పని ఇప్పుడు ఈ అన్నయ్యకు ఇచ్చారు" అని కోటయ్యను చూపించాను. పాక అంతా గొడవ గొడవ అయింది. ఒకాయన కోటయ్యను తిట్టబోయాడు.

కోటయ్య లేచి నిలబడ్డాడు. "తిట్టండయ్యా. నేను ఒద్దంటే ఇంకొకడు పోతాడు. ఇక్కడ కూచున్నోళ్ళలో ఎవరు పోలేదో చెప్పండి. సంఘం నా ఇంటికి గింజలు పంపుద్దా?"

ఆయన అన్నది నిజం. నేను కూడా అంతకుముందు ఇంకెవరో వదిలిన పనికి, ఎందుకు వదిలాడని అడగకుండానే వెళ్ళినదాన్నే. మేస్త్రీ మీద మేస్త్రీని ఎగదోసేవాడికి మా ఆకలే పెట్టుబడి.

మస్తాన్ మేస్త్రీ నిదానంగా అన్నాడు. "కోటయ్య అడిగింది న్యాయమే. గింజలు పంపలేం గానీ పని పంచుకోగలం. నాకు ఒక గిడ్డంగి నేలంతా రాళ్ళు పరిచే పని ఉంది. నా మనుషులు చాలరు. సగం నువ్వు చెయ్యి. ఇక ముందు ఒకరిని తీసేసిన పనికి ఇంకొకరు పోవాలంటే మనలో ముగ్గురు వెళ్ళి ఆ పని చూడాలి. తప్పు మేస్త్రీదైతే మేస్త్రీ దిద్దాలి. సామానుదైతే ఎవరూ ముట్టుకోకూడదు. ఒప్పుకుంటారా?"

చేతులు లేచాయి. కోటయ్య చెయ్యి ఆఖరున, బరువు ఎత్తినట్టుగా లేచింది. నాకు కళ్ళు చెమర్చాయి కానీ కొంగు తీయలేదు. ఆ ఒక్కరోజు ఏడుపు కనపడకూడదనుకున్నాను.

ఆ రాత్రి ఆడవాళ్ళకు వంటావిడ ఇంట్లో చోటిచ్చారు. మరునాడు పొద్దున రైలుకు మాతోపాటు మస్తాన్ మేస్త్రీ, పిడుగురాళ్ళ ఆయన, కోటయ్య బయలుదేరారు. కోటయ్య తానే అడిగి వచ్చాడు. "మాట ఇచ్చినోణ్ణి, మాట వెనక్కి తీసుకునేది కూడా ఎదురుగానే తీసుకుంటా" అన్నాడు. మా పక్క ఊరు చేరి వాళ్ళు బడి వెనకగోడ చూశారు, ఒక రాయి ఊడదీసి లోపలి గడ్డలు చూశారు. కబురు వెళ్ళి కంట్రాక్టరు గుర్రబ్బండిలో వచ్చాడు.

"ఏం కోటయ్యా, పని మొదలుపెడతావా?" అన్నాడు నన్ను చూడనట్టు.

"పెట్టనయ్యా. ఈ సున్నంతో నేను కట్టినా ఇదే గోడ" అన్నాడు కోటయ్య.

కంట్రాక్టరు మిగతా ఇద్దరి వైపు తిరిగాడు. "మీలో ఎవరు చేస్తారు? రెండింతల పని ఇస్తా."

మస్తాన్ మేస్త్రీ గడ్డం దువ్వుకుంటూ, "రూతమ్మ మేస్త్రీ చేస్తది. సున్నం పంపించండి" అన్నాడు.

నన్ను మేస్త్రీ అని ఇంకొకరు పిలవడం అదే మొదలు. కంట్రాక్టరు బండెక్కి వెళ్ళిపోయాడు. తరవాత వినుకొండ నుంచి ఈపూరు దాకా మనుషుల్ని వెతికించాడని తెలిసింది. ఎవరూ రాలేదు. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, ఓవర్సీరు తొందరపెట్టాడు. చివరకు పిడుగురాళ్ళ నుంచి మంచి సున్నం రెండు బండ్లు వచ్చాయి. నేనన్న మాట ప్రకారం పాత గోడమీద మొదటి గునపం దెబ్బ నేనే వేశాను. కొత్త గోడ నిలబడింది.

ఆయన మళ్ళీ నాకు పని ఇవ్వలేదు. ఆ సంగతి దాచను. కొన్ని నెలలు ఇబ్బంది పడ్డాం. ఆ నెలల్లోనే మేము ఏడెనిమిదిమందిమి కలిసి నరసరావుపేట పొలిమేరలో సొంత గానుగ కట్టుకున్నాం. ఇప్పుడు క్రైస్తవ మిషన్ వాళ్ళ పని ఒకటి, మిల్లు పని ఒకటి మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా మాకే వచ్చాయి. సభ అంటే అన్నం తిని చప్పట్లు కొట్టి రావడమని ఇప్పటికీ కొందరు వెక్కిరిస్తారు. వాళ్ళు వెక్కిరించనీ. భయపెట్టేవాడి బలం అంతా మనం ఒకరికొకరం తెలియకపోవడంలోనే ఉంటుంది. వెళ్ళొద్దని వాళ్ళు అంత గట్టిగా ఎందుకు చెబుతారో మాచర్లలో ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. మళ్ళీ వద్దంటే మళ్ళీ వెళతాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఒంటరిగా వెళ్ళకండి, మీ చుట్టాన్ని తీసుకెళ్ళినా లాభం లేదు. మీ పని లాక్కుంటాడని మీరు భయపడే మేస్త్రీ ఎవరో ఆయన ఇంటికి వెళ్ళి పిలవండి. అవసరమైతే ఆయన టిక్కెట్టు కూడా మీరే కొనండి.