కార్తీకంలో రొయ్యపెంకు కట్టు

పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే బ్రహ్మయ్యగారు కార్తీకమాసమంతా నీచు ముట్టరు. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. చేపలమ్మే రత్నకుమారి ఆ నెల్లాళ్లూ ఆయన గుమ్మం ముందు నుంచి నడవదు. నెత్తిన బేసిన్‌తో కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి పోతుంది. అలా పొమ్మని ఆయన అడగలేదు, పోతున్నానని ఆవిడా చెప్పలేదు.

ఈ ఏడు కాలవలో బట్ట జాడిస్తుంటే ఆయన కాలి బొటనవేలికి గాజుపెంకు గీరుకుంది. అసలే షుగరు మనిషి, ఎంతకీ మానలేదు. కార్తీకం మొదట్లో బందరు ఆసుపత్రికి వెళితే, కొత్తరకం కట్టు వేసి చూద్దామనీ, దానికీ లొంగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. వేలు పోతే అద్దకం బల్ల దగ్గర రోజంతా నిలబడేదెలా?

కట్టు వేయబోతూ నర్సు ఉమాదేవి అడిగింది.

“బాబాయ్ గారూ, రొయ్యలు తింటే దద్దుర్లేమైనా వస్తాయా?”

“రావమ్మా. అయినా కార్తీకంలో తినను.”

ఆమె నవ్వేసింది. “తినమనట్లేదండీ. ఈ కట్టు రొయ్యపెంకులోంచి తీసిన పదార్థంతో చేశారు. పుండు మానడానికి సాయపడుతుంది. పడనివాళ్లుంటారని అడిగాను.”

బ్రహ్మయ్యగారు కాలు వెనక్కి లాక్కున్నారు. “నెల వెళ్లాక వస్తాలేమ్మా.”

“పుండు నెలదాకా ఆగుతుందాండీ?” అంటున్నా వినకుండా మామూలు కట్టుతో ఇంటికొచ్చేశారు.

భార్య ఇందిరాదేవి మర్నాడు కాలవ దగ్గర రత్నకుమారితో చెప్పుకుని కళ్లొత్తుకుంది. రత్నకుమారి బేసిన్ గట్టునే దించి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

“ఏం బాబాయ్, మా రొయ్య మీద అలిగారంట?”

“అలక కాదమ్మా. శివయ్యకి మాటిచ్చాను.”

“మీరు బట్టని కరక్కాయ కలిపిన గేదెపాలల్లో నానేస్తారు కదా. ఆ దుప్పటి కప్పుకున్నోళ్లు పాలు తాగినట్టా?”

“ఆ పాలు రంగు పాకకుండా ఉండటానికమ్మా.”

“ఇదీ అంతే అనుకోండి. మేం ఒలిచి కుప్పపోస్తే ఈగలు ముసిరే పెంకు. దాన్ని కూడా మందు చేసే బుద్ధి ఎవరికో ఇచ్చాడంటే, అది మీ శివయ్య దయ కాదూ?”

ఆయన గుమ్మం పట్టుకున్న ఆమె వేళ్లకేసి చూశారు. నిండా సన్నటి గాట్లు.

“రొయ్యలు ఒలిచేటప్పుడు చేతులు చీరుకుపోతాయా అమ్మా?”

“పోతాయి. అలవాటే.”

“మరి నీకెవరు కట్టు కడతారు?”

ఆమె నవ్వి, బేసిన్ దించిన గట్టుకేసి నడిచింది.

మర్నాడే ఆయన బందరు బస్సెక్కారు. మూడోసారి కట్టు విప్పేసరికి పుండు అంచుల్లో లేత చర్మం కనపడింది. డాక్టరు ఇక వేలి మాట ఎత్తలేదు.

కార్తీకం ఇంకా వెళ్లలేదు. అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న బ్రహ్మయ్యగారికి, వీధి చివర కాలవగట్టుకేసి మళ్లుతున్న రత్నకుమారి కనిపించింది.

“రత్నమ్మా, ఇటు రా!”

“నెత్తిన బేసినుంది బాబాయ్!”

“నా కాలికి రొయ్య లేదేంటి? రా తల్లీ.”

ఆమె కాస్త తటపటాయించి ఇటే నడిచింది. ఇందిరాదేవి మంచినీళ్ల చెంబుతో గుమ్మం దిగి ఎదురెళ్లింది.