చేతులు కట్టుకున్న తరగతి

ఆ రోజుల్లో మా కృష్ణా జిల్లాలో మాట్లాడకపోవడాన్నే చదువు అనేవారు. మైలవరం రోడ్డులో ఉన్న మా ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో అయితే దోమ కూడా పర్మిషన్ తీసుకునే కుట్టేది. అక్కడ నేను తెలుగు టీచర్ని, వార్డెన్ని, అవసరమైతే జనరేటర్ ఆపరేటర్ని కూడా (జీతం మాత్రం ఒక్కరిదే). ప్రిన్సిపాల్ గారికి పిల్లలు పెట్టిన పేరు పవర్‌కట్. ఆయన గుమ్మంలో అడుగుపెడితే గొంతులన్నీ టప్పున ఆరిపోయేవి.

ఎనిమిదో తరగతిలో ఉయ్యూరు నుంచి వచ్చిన సొట్టబుగ్గల పిల్ల ఒకతి ఉండేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. బోర్డు మీద లెక్కలు చకచకా చేసేసేది గానీ నోటితో చెప్పే పాఠాలేవీ అందేవి కావు. తోటి పిల్లలు తనని బెంచీని చూసినట్టు చూసేవారు. "దసరా దాకా చూద్దామండీ, మార్కులు రాకపోతే తీసుకుపోండి" అని పిల్ల చేరినరోజే వాళ్ళ నాన్నకి ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు.

బెజవాడలో వినపడని పిల్లలకి చదువు చెప్పే ఒక ముస్లిం టీచరమ్మని (అక్కా అన్నట్టు అందరూ ఆపా అనేవారు) బతిమాలి, మా తరగతికి సైగల భాష నేర్పడానికి తీసుకొచ్చాను. పేపర్లో ఫొటో పడుతుందంటే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. "ఈ భాషలో పేరు పలకరమ్మా, మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని చేత్తో చూపిస్తారు" అన్నారు ఆపా. అంతే, ఆ పిల్ల పేరు బుగ్గ మీద వేలు. నా పేరు ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకోవడం. ప్రిన్సిపాల్ గారి పేరు పొట్ట కిందికి జారే ప్యాంటు రెండు చేతులా పైకి లాక్కోవడం.

ఇక స్టడీ అవర్లో నోళ్ళు శ్మశానం, చేతులు చేపల మార్కెట్టు. సోషల్ పాఠం, ఇంటి బెంగ, సాంబార్లో బొద్దింక, అన్నీ చేతుల్లోనే. సొట్టబుగ్గ ఆ నెల టెస్టు పాసైంది.

తర్వాత పేరెంట్స్ మీటింగు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు మైకు అందుకోగానే, మాట్లాడేదెవరో సొట్టబుగ్గకి చెబుదామని తరగతి తరగతంతా ఒక్కసారే లేని ప్యాంటు పైకి లాక్కుంది. షామియానా గుంజలూగేలా నవ్వారు జనం. పాపం, ఆయన చేతులు కూడా అలవాటు కొద్దీ నడుము మీదికే వెళ్ళాయి.

మర్నాడే ఆర్డరు. పిల్లలు ఎప్పుడూ చేతులు కట్టుకునే ఉండాలి.

"అన్నం తినేటప్పుడో సార్?" అడిగాను నేను.

"ఒక చెయ్యి విప్పుకోవచ్చు."

"సార్, ఆ పిల్లకి వేరే దారి లేదండీ."

"ఎందుకు లేదమ్మా? ఉయ్యూరు బస్సుంది."

దసరా పరీక్షల్లో తను లెక్కలు తప్ప అన్నీ పోగొట్టుకుంది. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. అది ప్రేయర్ టైము. తరగతంతా చేతులు కట్టుకుని వరసలో నిలబడింది, ప్రిన్సిపాల్ గారు ఎదురుగా. పిల్ల గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఏ చెయ్యీ కదల్లేదు. ముందు వరసలో ఒకతి రెండు బుగ్గలూ లోపలికి పీల్చుకుని సొట్టలు చేసింది. పక్కది చేసింది. చూస్తుండగానే వరస మొత్తం సొట్టబుగ్గలే. బుగ్గల మీద ఆర్డరు లేదు కదా, ప్రిన్సిపాల్ గారు అటూ ఇటూ చూసి ఊరుకున్నారు. ఆ పిల్ల వాళ్ళందరినీ చూసి, చివరికి నావైపు తిరిగి, లేని కళ్ళజోడు పైకి తోసుకుని వెళ్ళిపోయింది.

సైగలన్నీ మర్చిపోయాను. నా ముక్కు మాత్రం మారలేదు, కళ్ళజోడు ఇంకా జారుతూనే ఉంటుంది. రోజుకి వెయ్యిసార్లు పైకి తోసుకుంటాను. తోసుకున్న ప్రతిసారీ ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచినట్టుంటుంది. ఒక్కోసారి వెనక్కి తిరిగి చూస్తాను కూడా.